వంట చేయని రాత్రి కర్రీ పాయింట్ కూర: ఏం చూసుకోవాలి?

హనుమాన్ జంక్షన్‌లో పొద్దుపోయి ఇల్లు చేరినవాళ్లకి కర్రీ పాయింటే దిక్కు. ఇంట్లో గ్లాసుడు బియ్యం పొయ్యి మీద పెట్టి, పప్పో వేపుడో తెచ్చుకుంటే రాత్రి భోజనం అయిపోతుంది. అయితే రుచి ఒక్కటే చూస్తే చాలదు.

వండిన కూర 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. వాసన మారకపోయినా కడుపు పాడుచేయొచ్చు. అందుకే పొగలు వచ్చే గిన్నెలోంచే కట్టించుకోండి. ఎప్పుడు వండారో మొహమాటం లేకుండా అడగండి. మధ్యాహ్నం మిగిలిందైతే వద్దు.

వేడి తగ్గిన కూరను రెండు గంటల్లోపు, మండుటెండల రోజుల్లో గంటలోపే తినేయాలి. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరగనిచ్చి తినండి. మిగిలిన అన్నాన్ని కూడా బయట వదిలేయొద్దు.

వేడి కూరకి పల్చటి కవరు కన్నా స్టీలు క్యారేజీ మేలు. బజ్జీలు న్యూస్‌పేపర్‌లో కట్టించుకోవద్దు, సిరా అంటుతుంది.

షాపులో 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందేమో చూడండి. రెడీ టు ఈట్ ప్యాకెట్ కొంటే తేదీ చూడండి, ఉబ్బి ఉంటే పక్కన పెట్టేయండి. దానిపై గోధుమరంగు గుర్తు మాంసాహారమని చెబుతుందే గానీ హలాల్ అని చెప్పదు. ఆ సంగతి విడిగా చూసుకోవాల్సిందే.