వఫ్రా ఇసుకలో ఇరాక్ సైన్యం ఆనవాళ్లు

వఫ్రా అనగానే మనవాళ్లకు టమోటా తోటలు, గొర్రెల మందలు, చమురు బావులు గుర్తొస్తాయి. ఇదే వఫ్రా 1990 ఆగస్టు నుంచి 1991 ఫిబ్రవరి దాకా పరాయి సైన్యానికి స్థావరంగా ఉండేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ తరువాత లక్షకు పైగా భారతీయులు జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో స్వదేశానికి వెళ్లారు. వారిలో తెలుగువారూ ఎందరో ఉన్నారు.

అమెరికా, దాని మిత్రదేశాల సేనలు సౌదీ వైపు నుంచి వస్తాయని సద్దాం హుసేన్ అంచనా. వఫ్రా ఆ సరిహద్దుకు దగ్గర. అందుకే ఇరాక్ సైనికులు ఈ దక్షిణ ప్రాంతంలో కందకాలు తవ్వారు, ఇసుక గట్లు పోశారు, ముళ్లకంచెలు వేశారు, వరుసలు వరుసలుగా మందుపాతరలు పాతారు. 1991 జనవరి 29 రాత్రి ఇక్కడి నుంచే కొన్ని దళాలు సౌదీ మీదికి కదిలాయి. అదే రాత్రి సముద్రతీరాన ఉన్న ఖఫ్జీ పట్టణాన్ని ఇరాక్ పట్టుకుంది. అమెరికా సాయంతో సౌదీ, ఖతర్ సైనికులు కొద్ది రోజుల్లోనే దాన్ని విడిపించారు.

ఫిబ్రవరి 24న మొదలైన నేల మీది యుద్ధం నాలుగు రోజుల్లో ముగిసింది. పోతూ పోతూ ఇరాక్ సైన్యం కువైట్‌లో 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. వఫ్రా బావులూ తగలబడ్డాయి. చివరి బావి మంటను 1991 నవంబర్ 6న ఆర్పారు.

మంటలు ఆరాయి గానీ మందుపాతరల బెడద తీరలేదు. పలు దేశాల బృందాలు దేశమంతటా పది లక్షలకు పైగా పాతరలను ఏరివేశాయి. ఆ పనిలో బంగ్లాదేశ్, పాకిస్తాన్ సైనికులూ ఉన్నారు. ఏరుతూ ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అయినా అన్నీ దొరకలేదు. చాలా పాతరలకు ప్లాస్టిక్ తొడుగు ఉండడంతో లోహాన్ని పసిగట్టే యంత్రానికి అవి సులభంగా చిక్కవు. గాలికి ఇసుక కప్పేస్తుంది, వానకు మళ్లీ బయటపడతాయి. ఏళ్లు గడిచినా పేలే గుణం పోదు.

ఎడారిలో కాలినడకన తిరిగేది ఎక్కువగా మేకలు, ఒంటెలు కాసే మనలాంటివాళ్లే. కాబట్టి పాత కందకాల్లోకి దిగకండి. తుప్పు పట్టిన డబ్బా, తీగ, గుండు ఏది కనిపించినా ముట్టుకోకండి, రాయి విసరకండి. వచ్చిన అడుగుజాడల మీదనే వెనక్కి నడిచి, కఫీల్‌కు చెప్పండి, 112కు ఫోన్ చేయండి. పాత ఇనుముకు వచ్చే నాలుగు ఫిల్సుల కోసం ఇంటికి ఆధారమైన కాలూచెయ్యీ పోగొట్టుకోవద్దు.