బియ్యం లెక్క ఉంది, బెంగ లెక్క లేదు: మన హాస్టళ్ళ చరిత్ర మీద కొన్ని మాటలు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

హాస్టల్ పిల్లల బాగోగులు అనంగనే అందరూ అన్నం గురించే మాట్లాడతరు. అన్నం ముఖ్యమే, కాదనను. కానీ ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లల మనసు సంగతి ఎవరన్నా ఎప్పుడన్నా పట్టించుకున్నరా అని చరిత్ర వెనక్కి తిప్పి చూస్తే, నా కండ్లు మార్లవాయి దగ్గర ఆగినయి.

1940ల కుమ్రం భీం జోడేఘాట్‌ల నేలకొరిగినంక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. గోండుల కష్టం ఏందో తెలుసుకోవాలని హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు. ఇప్పుడు ఆ ఊరు ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంల ఉంది. 1943ల అక్కడ టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్ళను తెచ్చి పెట్టలేదు, గోండు యువకులకే శిక్షణ ఇచ్చి గోండు గూడేలకు పంపిండ్రు. వాచకాలు కూడా గోండీ భాషలనే, దేవనాగరి లిపిల తయారు చేసిండ్రు.

అప్పుడు కౌన్సెలింగ్ అనే మాట లేదు. కానీ ఆలోచించండి. ఇంటి భాష మాట్లాడే సారు, పెండ్లికి చావుకు ఊర్లె కనబడే సారు. పిల్లగాడు రెండు రోజులు మూగగ ఉంటే ఎందుకో ఆ సారుకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నా లెక్కల అదే మన దగ్గర మొదటి ఏర్పాటు. తర్వాత రాష్ట్రం మారింది, బడి భాష మారింది, ఆ పద్ధతి నిలబడలేదు. 2004ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల గోండి, కోయ, కొలామి, బంజారా వంటి ఎనిమిది భాషలల్ల చదువు మళ్ళ మొదలుపెట్టిండ్రు గానీ అది ప్రాథమిక బడికే. హైస్కూలుకు రాంగనే మన భాష గేటు బయటనే ఆగుతది.

ఇగ మా నాగిరెడ్డిపేట సంగతి. మాది ఏజెన్సీ కాదు, ఐటీడీఏ లేదు. మంజీర పక్కన, పోచారం చెరువు కింద మైదానం తండాలు. తెలంగాణల లంబాడీలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతోని వచ్చింది, 1977 జూలై 27 నుంచి అమలైంది. (దీని మీద మన గ్రూపుల ఉన్న పంచాయితీ నాకు తెలుసు, ఈ పోస్టుల దాని జోలికి పోను.) అంటే మా తాత చిన్నగున్నప్పుడు ఎస్టీ హాస్టల్ అన్న మాటే మాకు వర్తించలేదు. మా నాయన తరానికి వర్తించింది. ఆయన ఏడో తరగతిల హాస్టల్ విడిచి వచ్చేసిండు. ఎందుకంటే "మనసు పట్టలే" అంటడు, అంతే. తిండి లేక కాదు, ఎవరో కొట్టిండ్రని కాదు.

అటుపక్క 1971 నవంబర్‌ల పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌ల మొదటి గురుకులం మొదలైంది. తర్వాత గిరిజన గురుకులాలు వచ్చినయి. వాటి ఫలితాల గురించి అందరికీ తెలుసు, నేను మళ్ళ చెప్పను.

పైసల లెక్క మాత్రం చెప్పాలె. ఎనిమిది నుంచి పది చదివే ఒక్కరికి నెలకు డైట్ చార్జీ 2017ల 1,100 రూపాయలు చేసిండ్రు. 2024 ఆఖరు దాకా అదే. అంటే రోజుకు 37 రూపాయలు కూడా లేదు, అందుల మూడు పూటలు. 2024ల 1,540 అయింది. అదే తరగతుల ఆడపిల్లల కాస్మెటిక్ చార్జీ 75 నుంచి 275కు పెరిగింది. మంచి పని. నెలకు 75 రూపాయలతోని సబ్బు, నూనె, ప్యాడ్లు ఎట్ల కొనుక్కున్నరో మన అక్కలను అడిగితే చెప్తరు. అది ఉత్త సబ్బు ముచ్చట కాదు, క్లాసుల తల ఎత్తుకొని కూసునే ముచ్చట.

కానీ ఇన్ని జీవోలల్ల బెంగకు ఒక పద్దు లేదు. తీజ్ తొమ్మిది రోజులు బడి నడిచే దినాలల్లనే వస్తయి. తండాల డప్పు మోగుతుంటది, పిల్ల ఇక్కడ స్టడీ అవర్ల కూసుంటది. అమ్మానాయన చెరుకు కొట్టుడుకో, హైదరాబాద్ అడ్డా కూలీకో పోతే ఆదివారం కలవనీకి ఎవరూ రారు. నేను చదివిన ఒక హాస్టల్ల ఇంటికి పోయి తిరిగి రాని పిల్లల పేర్ల పక్కన "పారిపోయిండు" అని రాసేటోళ్ళు. ఎందుకు పోయిండో రాసే గడి ఆ రిజిస్టర్ల లేకుండె. మా నాయన "మనసు పట్టలే" కూడా ఎక్కడో అట్లనే "పారిపోయిండు" అయి ఉంటది.

ఇప్పుడు ఒక కొత్త ఆధారం దొరికింది. విశాఖపట్నంల కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసుల సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాలని 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది గానీ అంతకు ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థల కనీసం ఒక్క అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలె. అంతకన్న తక్కువుంటే బయటి నిపుణులతోని సంబంధం పెట్టుకోవాలె. హాస్టళ్ళను కూడా వదిలిపెట్టలేదు.

2022 నుంచి టెలీ మానస్ 14416 కూడా ఉంది. ఏ టైమ్‌లనైనా పైసలు లేకుండ మాట్లాడొచ్చు. అయితే హాస్టల్ పిల్లల దగ్గర ఫోన్ ఎక్కడిది? నంబరు గోడ మీద రాస్తే సరిపోదు, వార్డెన్ గదిల కాకుండ చాటుగ మాట్లాడుకునే జాగ ఇయ్యాలె. వచ్చే కౌన్సెలర్‌కు గోర్ బోలి రాకపోయినా, తండా అంటే ఏందో తెలిసిన మనిషైతే సగం పని అయినట్టే. ఎమ్మెస్డబ్ల్యూ, సైకాలజీ చదువుతున్న అన్నలు అక్కలు మనలనే ఉన్నరు. మార్లవాయిల 1943ల అయిన పని ఇప్పుడెందుకు కాదు?

దసరా సెలవులకు పోయినప్పుడు నేను మా మండలం పిల్లలు చదివే హాస్టళ్ళు, బడులు తిరిగి రెండే అడుగుదామనుకుంటున్న. మీ దగ్గర ఎంతమంది ఉన్నరు, కౌన్సెలర్ ఉన్నరా. ఎల్లారెడ్డి, బాన్సువాడ, కామారెడ్డి దిక్కు ఉన్నోళ్ళు మీ దగ్గరియి అడిగి గ్రూపుల పెట్టండి. అన్ని కలిపి జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి దరఖాస్తు ఇద్దాం. దరఖాస్తు నేను రాస్త, సంతకాలకు మాత్రం మీరు రావాలె.