పట్టా చేతికొచ్చాక నంద్యాల

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. బరిలో నిలిచింది అప్పటికే ప్రధానమంత్రి కుర్చీలో ఉన్న పి.వి. నరసింహారావు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న అభిమానంతో తెలుగుదేశం పార్టీ పోటీ పెట్టలేదు. పి.వి. 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆ అంకెను నంద్యాల పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. అయితే ఆ ఊరి డిగ్రీ పిల్లల బతుకును మార్చింది ఆ మెజారిటీ కాదు. అంతకు నాలుగు నెలల ముందు, జులై 24న, ఆయన ప్రభుత్వమే ప్రకటించిన కొత్త పారిశ్రామిక విధానం. లైసెన్సుల రోజులు పోయాయి, ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నాయి. ఉద్యోగమంటే సర్కారుదో బ్యాంకుదో మాత్రమే అనుకునే ఊరు, తాను ఓటేసి పంపిన మనిషి హయాంలోనే ఆ లెక్క మారిపోవడం చూసింది.

ఆ లెక్క అంతకుముందు ఎలా ఉండేదో తెలియాలంటే 1969కి వెళ్లాలి. ఆ ఏడాది జులై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1980లో మరో ఆరు కలిశాయి. మధ్యలో, 1976లో, కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు పుట్టింది. పల్లెపల్లెకూ శాఖలు వచ్చాయి. వాటిలో కూర్చోవడానికి గుమాస్తాలు, క్యాషియర్లు, ఆఫీసర్లు కావలసి వచ్చింది. కరువు సీమలో ఒక్క పంట పోతే మూడేళ్లు కోలుకోలేని రైతు ఇంట్లో, నెలనెలా ఒకటో తారీఖున జీతం తెచ్చే కొడుకో కూతురో ఉండటం ఎంత పెద్ద సంగతో బయటివాళ్లకు అంత సులువుగా అర్థం కాదు. వాన పడ్డా పడకపోయినా వచ్చే డబ్బు అది. పెళ్లి సంబంధాల దగ్గర "బ్యాంకులో చేస్తాండాడు" అన్న మాట వినపడితే ఎన్ని ఎకరాలున్నాయని ఎవరూ అడిగేవాళ్లు కారు.

ఈ ఆశ చుట్టూనే నంద్యాలలో ఒక వృత్తి పెరిగింది. బ్యాంకు, రైల్వే, పోలీసు, గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు కోచింగ్ ఇచ్చే కేంద్రాలు ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. కర్నూలు, కడప, అనంతపురం, ప్రకాశం జిల్లాల నుంచి, ఇంకా దూరం నుంచి కూడా పిల్లలు పెట్టె సర్దుకుని వచ్చారు. హైదరాబాదు ఉండగా నంద్యాలకే ఎందుకన్నది అడగాల్సిన ప్రశ్నే. ఊరి పొందికలోనే జవాబు చాలావరకు ఉంది. గుంతకల్లు నుంచి నల్లమల మీదుగా బెజవాడ వైపు పోయే రైలు మార్గాన్ని 1880ల చివర్లోనే సదరన్ మరాఠా రైల్వే వేసింది. కర్నూలు-కడప రోడ్డు ఊరి మీదుగానే పోతుంది. కె.సి. కాలువ నీళ్లతో చుట్టూ వరి పండుతుంది. 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు కాబట్టి చదువుకున్నవాళ్ల రాకపోకలకు అలవాటు పడింది. తిండి చవక, గది అద్దె చవక. కొడుకును హైదరాబాదు పంపి చదివించలేని తండ్రి నంద్యాల పంపగలిగాడు. ఊరిని కోచింగ్‌కు కేంద్రం చేసింది ప్రభుత్వ పథకమేమీ కాదు, ఈ స్తోమత లెక్కే.

అక్కడి రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు చీకటితోనే మైదానం చేరి పరుగు తీస్తారు. మగవాళ్లైతే 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి, లేదంటే రాతపరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా దండగే. బ్యాంకు పిల్లలది వేరే పరుగు. క్లర్కు ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. అందుకే 30 దాకా వర్గాలు, ఘనాలు కంఠతా రావాలి. భిన్నం చూడగానే శాతం నోటికి రావాలి. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో రఫ్ కాగితం మీద క్షణంలో తేలిపోవాలి. పొద్దున ఉగ్గాని, బజ్జీ తింటూ కూడా ఒకరినొకరు లెక్కలు అడుగుతుంటారు. ఒక గదిలో నలుగురు, గోడకు ప్రపంచ పటం, తలుపు వెనక పరీక్ష తేదీలు. నోటిఫికేషన్ పడితే ఊరంతా కదులుతుంది. మెస్సులు, జిరాక్సు కొట్లు, పాత పుస్తకాల దుకాణాలు అన్నీ ఆ తేదీలతోనే బతుకుతాయి.

ఇంగ్లిష్ విభాగం చాలామందిని వెనక్కి నెట్టింది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివిన పిల్లవాడు లెక్కల్లో ఎవరికీ తీసిపోడు, ఖాళీలు పూరించే దగ్గర ఆగిపోతాడు. 2019లో గ్రామీణ బ్యాంకుల పరీక్షను తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో రాసే వీలు కలిగింది. ఎప్పుడో రావలసిన న్యాయం అది.

బ్యాంకు దారి ఎప్పుడూ తెరిచి ఉండలేదు. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది బయటికి వెళ్లిపోయారు. కౌంటర్ల మీదకు కంప్యూటర్లు వచ్చాయి. కొత్త నియామకాలు సన్నగిల్లాయి. 2011లో ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష మొదలయ్యాక మళ్లీ ఊపు వచ్చింది. ఆ నడిమి కాలంలో డిగ్రీ పిల్లలు హైదరాబాదు బస్సెక్కారు. అప్పటికే, 1998 నవంబరులో, అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరుచుకుంది. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, ఒరాకిల్, టెస్టింగ్ బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పల్లె పిల్లలకు ఇంజినీరింగ్ అందుబాటులోకి వచ్చింది. నంద్యాలలోనే 1995లో రాజీవ్‌గాంధీ మెమోరియల్ ఇంజినీరింగ్ కళాశాల మొదలైంది. పండగకు ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి అవ్వ "యాడ జేస్తాండావు నాయనా?" అని అడిగితే బ్యాంకు పేరు చెప్పినంత తేలిగ్గా కంపెనీ పేరు చెప్పలేకపోయేవాడు. "కంప్యూటర్‌లో" అనేసి ఊరుకునేవాడు. ఆ జవాబు చాలదని ఇద్దరికీ తెలుసు.

అదే రోజుల్లో హైదరాబాదు హాస్టల్ గదుల్లో ఈ పిల్లలకు ఇంకో ప్రశ్న ఎదురైంది. ఏ ఊరని అడిగి, నంద్యాల అనో ఆళ్లగడ్డ అనో వినగానే అవతలివాడు బాంబుల గురించి మాట్లాడేవాడు. కారణం తెర మీద ఉంది. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. నాలుగైదేళ్ల పాటు తెలుగు సినిమాకు సీమ అంటే సుమోలు, వేటకొడవళ్లు, తెల్లచొక్కాలు. సీమలో ఫ్యాక్షన్ లేదని చెప్పడానికి లేదు. ఉంది. ఎన్నో ఇళ్లలో మగవాళ్లు మిగల్లేదు, ఎందరో ఆడవాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. అందుకే తల్లులు పిల్లల్ని ఊళ్లో ఉండనీయకుండా చదువుకు తరిమారు. సినిమా చూపనిది ఆ తరమడాన్నే. కత్తి పట్టినవాడు వందసార్లు తెరకెక్కాడు, అదే ఊరి నుంచి వచ్చి శాతాల లెక్కలు బట్టీ పట్టి గుమాస్తా అయిన వాడి కథకు అంత చోటు దొరకలేదు. ఇది సీమకు జరిగిన అన్యాయమే.

ఉద్యోగం లేని పట్టభద్రుడి కథ తెలుగు తెరకు కొత్తేమీ కాదు. 1981లో బాలచందర్ 'ఆకలి రాజ్యం' తీశారు. ఢిల్లీలో పని దొరకని తెలుగు యువకుడిగా కమల్‌హాసన్ నటించిన ఆ సినిమా ఒక తరాన్ని కుదిపేసింది. 2007లో శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' కాలేజీ వరండాల దగ్గరే ఆగింది. పట్టా వచ్చిన తర్వాతి మూడు నాలుగేళ్లు, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఆ కాలం, ఇంకా ఎవరైనా మనసు పెట్టి తీయాల్సిన కథ.

సీమ కథల్లో బాగా తెలిసినదాన్ని కూడా ఈ కోణంలో చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడకు చెందిన పాలెగాడు నరసింహారెడ్డి మీద 2019లో 'సైరా' సినిమా వచ్చింది. ఆయన తిరుగుబాటుకు మూలం పాలెగాళ్ల మాన్యాలను ఈస్టిండియా కంపెనీ లాక్కుని, బదులుగా నెలకు 11 రూపాయల చిల్లర భరణం ఇవ్వడం. ఆ భరణం దగ్గర కోవెలకుంట్ల ఖజానాలో జరిగిన అవమానమే నిప్పు రాజేసిందని ఇక్కడివాళ్లు చెబుతారు. 1846 జులైలో ఆయన మనుషులు ఆ ఖజానా మీదే పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను బహిరంగంగా ఉరి తీశారు. భూమి పోయి జీతం మీద బతకాల్సిన స్థితి ఈ నేలకు ఎంత పాతదో ఆ కథలో ఉంది.

ఇంకా వెనక్కి పోతే 16వ శతాబ్దంలో నంద్యాలను ఏలిన ఆరవీటివారి శాఖ కనిపిస్తుంది. ఆ నంద్యాల కృష్ణరాజుకే పింగళి సూరన 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చాడు. చదువుకున్నవాడు ఆదరణ వెతుక్కుంటూ నంద్యాల చేరడం అప్పటి నుంచీ ఉన్నదే.

నంద్యాలకు దక్షిణంగా నలభై కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ. అహోబిలం పోయే యాత్రికులు బస్సు మారే ఊరు. ఇక్కడి పని పుస్తకంతో కాదు, ఉలితో. దురుగడ్డ బాలవీరాచారి, ఆయన వంశీకులు, శిష్యులు ఈ ఊరు శిల్పాలకు పేరుపొందేలా చేశారు. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. షెడ్డులోకి అడుగు పెడితే ముందు వినపడేది కట్టర్ రొద, ఆ తర్వాతే ఉలి చప్పుడు. రాయిని ముందు తట్టి చూస్తారు. గంట మోగినట్టు ఖంగుమంటే విగ్రహానికి పనికొస్తుంది, మందంగా పలికితే లోపల పగులో పొరో ఉన్నట్టు. తర్వాత ఎర్రరంగుతో గీతలు. శాస్త్రంలో ముఖం పొడవు ఒక తాళం, దానికి 12 అంగుళాలు. ఈ అంగుళం టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ఎత్తును బట్టే దాని కొలత. వినాయకుడు పంచతాళం కాబట్టి పొట్టిగా, నిండుగా వస్తాడు. విష్ణువు దశతాళం. ముక్కు, పెదవులు, వేళ్ల దగ్గరికి వచ్చేసరికి మిషన్లు పక్కన పెట్టి సన్న ఉలి పడతారు. అక్కడ చెయ్యి తప్పితే నెలల కష్టం పోతుంది. చివరికి నీళ్లు పోసి సానబట్టి నల్లరాతికి నిగనిగలు తెస్తారు.

ఇక్కడి దేవుళ్లు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్లారు. నాయకులూ వెళ్లారు. అంబేడ్కర్, ఎన్టీఆర్ విగ్రహాలకు ఎప్పుడూ గిరాకీ ఉంది. 2009 సెప్టెంబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించాక ఊరూరా ఆయన విగ్రహాలు వెలిసినప్పుడు ఆ పనీ ఇక్కడికి వచ్చింది. సినిమా తెర నుంచి ముఖ్యమంత్రి పీఠం ఎక్కిన ఎన్టీఆర్‌ను చూసినవాళ్లు ఆయన ముఖాన్ని రాతిలో పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించగలరు. దేవుడి ముఖానికి శాస్త్రం ఉంది, ఎన్టీఆర్ ముఖం కోట్ల మందికి కంఠతా వచ్చు. కాస్త తేడా వచ్చినా ఊరు ఒప్పుకోదు.

ఈ షెడ్లలో పెరిగిన పిల్లలూ డిగ్రీలు చదివారు. వాళ్ల ముందున్న ప్రశ్న నంద్యాల గదిలోని పిల్లల ప్రశ్న కంటే క్లిష్టమైనది. చేతిలో పని ఉంది, గౌరవం ఉంది, కానీ నెల జీతం లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని తండ్రుల దగ్గు విని తెలుసు. పని చేసేవాళ్లందరికీ మంచి మాస్కులు, ఏటా ఛాతీ పరీక్షలు అందించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఈ విద్యకు చదువుగా గుర్తింపు కావాలనుకుంటే తిరుపతిలో 1960లో దేవస్థానం నెలకొల్పిన సాంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. అక్కడ శిల్పం నాలుగేళ్ల చదువు. ఇంటి దగ్గర నేర్చిన విద్యకు కాగితం కూడా తోడైతే, సంబంధం మాట్లాడే దగ్గర "విగ్రహాలు చేస్తాండాడు" అన్న మాట "బ్యాంకులో చేస్తాండాడు" అన్న మాటకు సాటి వస్తుంది. రావాలి కూడా.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్ వచ్చింది, ఆఫీసులు వచ్చాయి, అద్దెలు పెరిగాయి. అంతకు ఆరేళ్ల ముందు, 2016లో, నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు కొత్త రైలు మార్గం మొదలైంది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. నరసింహారెడ్డిని ఉరి తీసిన కోవెలకుంట్లలో ఇప్పుడు స్టేషన్ ఉంది, అక్కడ రైలెక్కి పరీక్షలకు పోయే పిల్లలున్నారు. ఆళ్లగడ్డ ఆ దారిలో లేదు. అక్కడి పిల్లలు ఇంటర్వ్యూకైనా కోచింగ్‌కైనా 40వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు కోసం నిలబడతారు. టన్నుల బరువున్న విగ్రహాలు గడ్డి, గోనెల మధ్య కట్లు కట్టించుకుని అదే రోడ్డు మీద లారీల్లో పోతాయి.