జానపద చిత్రాలూ, మద్దికెర గుర్రాలూ

జానపద చలనచిత్రమనగానే మన విమర్శకులలో కొందరు ముఖం చిట్లిస్తారు. రాజులు, రాకుమార్తెలు, కత్తులు, మంత్రాలు - ఇవన్నీ భూస్వామ్య వ్యవస్థ మిగిల్చిన చెత్త అని వారి వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ ఆనందం ఏ నేలలో మొలిచిందో విచారించకుండా తీర్పు చెప్పడం చారిత్రక దృష్టి అనిపించుకోదు.

మద్దికెర దసరా పారువేట చూసినవారికి నేను చెప్పబోయేది సులభంగా బోధపడుతుంది. పూర్వం అక్కడ ఏలిన యాదవ రాజుల వంశీకులు, మూడు కుటుంబాలవారు, రాచదుస్తులు ధరించి బొజ్జనాయునిపేట భోగేశ్వరాలయంలో పూజచేసి, అక్కడినుంచి మద్దికెర దాకా గుర్రాలను దౌడు తీయిస్తారు. దారి పొడుగునా జనం. ఎవరి గుర్రం ముందొస్తుందన్నదే వారి ఆరాటం. రాజభక్తి నాకు ఎక్కడా కనబడలేదు.

ఆ వేషం ఒకప్పుడు వేషం కాదు. సీమలో గుర్రపు డెక్కల చప్పుడంటే శిస్తుకో, దోపిడికో గుర్తు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. 1807 వరకూ కలెక్టరుగా ఉన్న మన్రో పాలెగాండ్ర బలగాలను అణచివేశాడు. (ఆయన 1827లో కలరాతో చనిపోయింది మద్దికెరకు దగ్గరి పత్తికొండలోనే.) శిస్తు పోలేదు, కచ్చేరీ కాగితాల మీదికెక్కింది. కత్తి మాత్రం ముచ్చటగా మిగిలింది. భయం పోయిన తరువాతనే గదా వేడుక!

ఈ వేడుకనే సినిమా అందుకుంది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1951లో 'పాతాళభైరవి' తీశాడు. జమీందారీ రద్దు చట్టం వచ్చి అప్పటికి మూడేళ్ళు. పింగళి నాగేంద్రరావు రచనలో కథానాయకుడు రాకుమారుడు కాడు, తోటమాలి కొడుకు. రాజుగారి బావమరిది శూరసేనుడు పేరుకే శూరుడు; రేలంగి ఆ పాత్రలో బెదిరిపోతుంటే నేలక్లాసు పగలబడి నవ్వింది. రాచకొలువును చూసి అలా బాహాటంగా నవ్వుకునే అవకాశం వారి తాతలకు ఎక్కడిది? 1963లో విఠలాచార్య 'బందిపోటు' ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టాడు. 1938 నాటి హాలీవుడ్ రాబిన్ హుడ్‌కు ఇతడు దూరపు చుట్టమే. కత్తి దూస్తూనే పరిహాసమాడే మనిషిని చూస్తే, రోజల్లా యజమాని ముందు తలవంచి నిలబడినవాడికి వెన్ను నిటారవుతుంది. ఈ సుఖాన్ని మత్తు అనడానికి నాకు నోరు రాదు.

లోపం మరొకచోట ఉంది. ఈ చిత్రాలలో అన్యాయమంతా ఒక్క దుష్టుడి ఖాతాలో పడుతుంది. వాడు చస్తే రాజ్యం బాగుపడుతుంది. శిస్తు లెక్క ఎవరూ అడగరు. మద్దికెరలో గుర్రమెక్కేది నేటికీ రాజవంశీకుడే. తెరమీద తోటమాలి కొడుకు పైకి వచ్చాడు, కాని రాజుగారి అల్లుడిగా వచ్చాడు.

దీన్ని తరగతిలో ప్రస్తావిస్తే ఒక విద్యార్థి అడిగాడు: "రాముడికి రాజ్యం దక్కాక, తోటలో నీళ్ళు పోసేవాళ్ళకు కూలి పెంచాడా, సార్?" అంతకుముందే తెరమీద 'శుభం' పడుతుందన్నాను.