అరుదైన ప్రోగ్రెసివ్ రాక్ రికార్డుల అన్వేషణ

1960ల చివరి నుంచి 1980ల ఆరంభం దాకా పలు దేశాల్లో కొద్ది ప్రతులుగా వెలువడి, బజారులో కనబడకుండా పోయిన ప్రోగ్రెసివ్ రాక్ రికార్డులను వెతికి, జాబితాలకెక్కించి, తిరిగి విడుదల చేసే పని సుమారు యాభై ఏళ్లుగా సాగుతోంది. ఈ పనిలో విశ్వవిద్యాలయాల పాత్ర తక్కువ. దిగుమతి దుకాణాల యజమానులు, తపాలాలో రికార్డులు అమ్మినవారు, చిన్న పత్రికల సంపాదకులు, కొందరు సంగీతకారులు దీన్ని నడిపించారు. రికార్డు అరుదు కావడానికి అందులోని సంగీతం కారణమైన సందర్భాలు కొద్ది. పన్నులు, ప్రభుత్వాలు, భాష, పంపిణీ లోపాలే ఎక్కువగా కారణాలు. అందువల్ల ఈ అన్వేషణ సంగీత చరిత్రతో పాటు రికార్డుల వ్యాపార చరిత్రలో కూడా భాగం.

నేపథ్యం

రాక్ సంగీతంలోకి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని, జాజ్‌ను, జానపద బాణీలను తెచ్చి, మూడు నిమిషాల పాటకు బదులు ఎల్పీ ఒక వైపంతా సాగే రచనలు చేసిన ధోరణి ప్రోగ్రెసివ్ రాక్. ఇది బ్రిటన్‌లో రూపుదిద్దుకుంది. కింగ్ క్రిమ్సన్ బృందం 1969 అక్టోబరులో విడుదల చేసిన ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’ను దీని తొలి ప్రధాన రికార్డుల్లో ఒకటిగా లెక్కిస్తారు. మెట్టు నొక్కితే లోపలి టేపుపై ముందే రికార్డు చేసిన వయొలిన్లు, గాత్రాలు పలికే మెలోట్రాన్ అనే వాద్యం ఈ సంగీతానికి గుర్తుగా నిలిచింది. ఆర్కెస్ట్రాను పిలిపించే స్తోమత లేని బృందాలకు అది అక్కరకొచ్చింది.

ఫిలిప్స్ సంస్థ వర్టిగో పేరుతో, ఇ.ఎం.ఐ. హార్వెస్ట్ పేరుతో 1969లో ప్రత్యేక లేబుళ్లు తెరిచాయి. ఏ బృందం అమ్ముడుపోతుందో ముందే చెప్పలేని రోజులు కావడంతో కంపెనీలు చాలా బృందాలతో ఒప్పందాలు చేసుకున్నాయి. వాటిలో ఎన్నో ఒకటి రెండు ఎల్పీలతోనే ఆగిపోయాయి.

బ్రిటన్ బయట ఈ ధోరణి బలంగా వేళ్లూనిన దేశం ఇటలీ. స్వదేశంలో పెద్దగా అమ్ముడుపోని వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ ఆల్బం ‘పాన్ హార్ట్స్’ 1972లో ఇటలీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది ప్రెమియాటా ఫోర్నెరియా మార్కోని, బాంకో డెల్ ముటువో సొకోర్సో బృందాల తొలి ఆల్బంలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ వాండర్ 1969లో మాగ్మా బృందాన్ని స్థాపించి, తాను కల్పించిన కొబాయియన్ అనే భాషలో పాటలు కట్టాడు. జర్మనీలో కాన్, ఫౌస్ట్, ఆమోన్ డ్యూల్ 2 బృందాలు ఇంగ్లండు పద్ధతిని పక్కనబెట్టి సొంత దారి వెతుక్కున్నాయి.

1973లో చమురు సంక్షోభం వచ్చింది. రికార్డులకు కావలసిన వినైల్ పెట్రోలియం నుంచే తయారవుతుంది కాబట్టి ముడిసరుకు కరువై ఖర్చు పెరిగింది. 1976–77లో పంక్ రాక్ వచ్చాక పత్రికల దృష్టి అటు మళ్లింది. కంపెనీలు అమ్మకం లేని రికార్డులను తమ జాబితాల నుంచి తీసేశాయి.

అరుదు కావడానికి కారణాలు

బ్రిటన్‌లో 1973 దాకా రికార్డులపై కొనుగోలు పన్ను ఉండేది. వంద ప్రతుల లోపు అచ్చు వేస్తే ఆ పన్ను వర్తించేది కాదు. దాంతో సొంత ఖర్చుతో ఎల్పీ చేసుకున్న కుర్రాళ్లు 99 ప్రతులతో సరిపెట్టేవారు. నార్తాంప్టన్‌కు చెందిన డార్క్ బృందం 1972లో చేసిన ‘రౌండ్ ది ఎడ్జెస్’ అంతకంటే తక్కువ ప్రతులతో వెలువడింది. స్నేహితులకు పంచిపెట్టిన ఆ ఎల్పీ తరువాతి కాలంలో సేకర్తలు అత్యధిక ధరలు చెల్లించే బ్రిటిష్ రికార్డుల్లో చేరింది.

తూర్పు ఐరోపాలో రికార్డుల తయారీ ప్రభుత్వ సంస్థల చేతిలో ఉండేది. సోవియట్ యూనియన్‌లో మెలోదియా, చెకోస్లొవేకియాలో సుప్రఫోన్, రుమేనియాలో ఎలక్ట్రెకార్డ్ సంస్థలు దేన్ని అచ్చు వేయాలో నిర్ణయించేవి. ప్రాగ్ నగరపు ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్ బృందానికి ఆ దారి మూసుకుపోయింది. వారు రహస్యంగా రికార్డు చేసిన సంగీతం 1978లో ఫ్రాన్స్‌లో విడుదలైంది. 1976లో ఆ బృంద సభ్యులను అరెస్టు చేయడం చార్టర్ 77 పౌరహక్కుల ఉద్యమానికి ఒక కారణమైంది. రుమేనియాలో ఫీనిక్స్ బృందం 1975లో ఎలక్ట్రెకార్డ్ ద్వారానే ‘కాంటాఫాబులే’ అనే రెండు రికార్డుల ఆల్బం తెచ్చింది. 1977లో సభ్యులు స్పీకరు పెట్టెల్లో దాక్కుని సరిహద్దు దాటి జర్మనీ చేరారు.

ఒక్కోసారి అట్ట బొమ్మే అడ్డు నిలిచింది. ఇటలీ లిగూరియా తీరానికి చెందిన మూజియో రోజెన్‌బాఖ్ బృందం 1973లో రికోర్డి సంస్థ ద్వారా ‘జరతుస్త్ర’ విడుదల చేసింది. అట్టపై ఉన్న బొమ్మల కూర్పులో ముస్సోలినీ శిల్పం కనిపించడంతో బృందంపై ఫాసిస్టు ముద్ర పడింది. రికార్డుకు ఆదరణ కరువై, బృందం త్వరలోనే విడిపోయింది.

దిగుమతి దుకాణాలు, తపాలా జాబితాలు

ఇతర దేశాల రికార్డులు మొదట దిగుమతి దుకాణాల ద్వారా చేతులు మారాయి. రిచర్డ్ బ్రాన్సన్ 1970లో తపాలా వ్యాపారంగా మొదలుపెట్టిన వర్జిన్ సంస్థ 1971లో లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో దుకాణం తెరిచి, జర్మన్ రికార్డులను తెప్పించి అమ్మింది. 1973లో అదే సంస్థ ‘ద ఫౌస్ట్ టేప్స్’ను ఒక సింగిల్ రికార్డు ధరకే, అంటే 49 పెన్నీలకే అమ్మకానికి పెట్టింది. ఆ చవక ధర మూలంగా వేలాది బ్రిటిష్ ఇళ్లలోకి ఒక ప్రయోగాత్మక జర్మన్ బృందం అడుగుపెట్టింది.

అమెరికాలో ఆర్చీ ప్యాటర్సన్ 1971లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో రేడియో కార్యక్రమంగా ప్రారంభించిన ‘యూరాక్’ 1973లో పత్రికగా మారింది. 1978 మార్చి 12న లండన్‌లో బ్రిటన్ బృందం హెన్రీ కౌ చొరవతో స్వీడన్, ఇటలీ, ఫ్రాన్స్, బెల్జియం బృందాలు ‘రాక్ ఇన్ ఆపోజిషన్’ పేరుతో ఒకే వేదికెక్కాయి. పెద్ద కంపెనీలు పట్టించుకోని సంగీతానికి సొంత పంపిణీ వ్యవస్థ కావాలన్నది వారి వాదం. హెన్రీ కౌ డ్రమ్మర్ క్రిస్ కట్లర్ అదే ఏడాది రికమెండెడ్ రికార్డ్స్ స్థాపించి ఆ వాదాన్ని ఆచరణలో పెట్టాడు. మేరీలాండ్ రాష్ట్రంలో స్టీవ్ ఫైగెన్‌బామ్ 1980లో వేసైడ్ మ్యూజిక్ తపాలా వ్యాపారాన్ని, 1984లో క్యూనిఫామ్ లేబుల్‌ను మొదలుపెట్టాడు. రికార్డును ముందుగా వినే వీలు లేని ఆ రోజుల్లో ఇలాంటి అమ్మకపు జాబితాల్లోని రెండు మూడు వాక్యాల వర్ణన చదివే జనం డబ్బు పంపేవారు.

291 పేర్ల జాబితా

1979లో లండన్ బృందం నర్స్ విత్ వూండ్ తన తొలి ఆల్బంతో పాటు ఒక కాగితం జతచేసింది. స్టీవెన్ స్టేపుల్టన్, జాన్ ఫాదర్‌గిల్, హేమన్ పాఠక్ తమకు నచ్చిన 291 మంది కళాకారుల, బృందాల పేర్లను అక్షరక్రమంలో అందులో ముద్రించారు. దేశం, సంవత్సరం, ఆల్బం పేరు వంటి వివరాలేవీ ఇవ్వలేదు. వివరాలు లేకపోవడమే పాఠకులను వెతుకులాటకు పురిగొల్పింది. మొదటి ముద్రణ 500 ప్రతులే అయినా జాబితా చేతి నుంచి చేతికి మారి, సేకర్తలకు దశాబ్దాల పాటు మార్గదర్శిగా పనిచేసింది. అందులో పేరున్న రికార్డులకు గిరాకీ పెరిగింది.

జపాన్, కొరియా

జపాన్‌లో కింగ్ రికార్డ్స్ సంస్థ 1970ల చివర, 1980ల ఆరంభంలో ఐరోపా రాక్ శ్రేణిగా ఇటాలియన్, ఇతర ఐరోపా ఆల్బంలను తిరిగి ముద్రించింది. సొంత దేశంలో దొరకని ఇటాలియన్ రికార్డు టోక్యో దుకాణంలో దొరికే విచిత్ర పరిస్థితి అలా ఏర్పడింది. తరువాత అసలు ఎల్పీ అట్టను మడతలతో సహా చిన్నదిగా చేసి సీడీకి తొడిగే పద్ధతి కూడా జపాన్‌లోనే వృద్ధి చెందింది.

దక్షిణ కొరియాలో సైనిక పాలన కాలంలో విదేశీ రికార్డులపై ఆంక్షలు ఉండేవి. శ్రోతలు దొంగముద్రణ రికార్డులపై ఆధారపడ్డారు. రేడియో వ్యాఖ్యాత సుంగ్ సీవాన్ ఇటాలియన్ బృందాలను వినిపించి, సీవాన్ రికార్డ్స్ పేరుతో వాటిని అధికారికంగా విడుదల చేశాడు. న్యూ ట్రోల్స్ బృందపు 1971 నాటి ‘కొంచెర్తో గ్రోసో’ కొరియాలో సామాన్య శ్రోతల దాకా చేరింది.

పునర్విడుదలలు

1980ల రెండో సగంలో సీడీ వ్యాపించడంతో ఎల్పీ అచ్చు కంటే తక్కువ ఖర్చుతో తక్కువ ప్రతులు తీసే వీలు కలిగింది. ఫ్రాన్స్‌లో మ్యూజియా, ఇటలీలో వినైల్ మేజిక్, జర్మనీలో గార్డెన్ ఆఫ్ డిలైట్స్ వంటి చిన్న లేబుళ్లు తమ దేశపు పాత ఆల్బంలను తిరిగి తెచ్చాయి. మాస్టర్ టేపులు పోయినప్పుడు సేకర్త దగ్గర ఉన్న మంచి ప్రతిని వినిపించి, ఆ ధ్వనినే శుభ్రం చేసి వాడేవారు.

హక్కులు తేలని చోట దొంగముద్రణలు రాజ్యమేలాయి. జర్మన్ బృందం నోయ్! సభ్యులు మైకెల్ రోథర్, క్లౌస్ డింగర్ మధ్య విభేదాల వల్ల వారి ఆల్బంలు అధికారికంగా సీడీలుగా రాలేదు. 1990ల్లో జర్మనోఫోన్ అనే లేబుల్ వాటిని అనుమతి లేకుండా అమ్మింది. అధికారిక సీడీలు 2001లో వచ్చాయి. పునర్విడుదలలు కొన్ని బృందాలకు రెండో జీవితాన్నిచ్చాయి. ‘జరతుస్త్ర’ను కొత్త తరం ఇటాలియన్ ప్రోగ్రెసివ్ రాక్ ఉత్తమ రచనల్లో ఒకటిగా గుర్తించాక మూజియో రోజెన్‌బాఖ్ తిరిగి కలిసి, 2013లో ‘బార్బారికా’ విడుదల చేసింది. ఈ పునరాసక్తి కొత్త బృందాలకు ఊపునిచ్చింది. స్వీడన్ బృందం ఆంగ్లగార్డ్ 1992లో ‘హైబ్రిస్’ ఆల్బంతో మెలోట్రాన్ ధ్వనిని మళ్లీ ముందుకు తెచ్చింది.

విజ్ఞానం పుస్తకాలకెక్కింది కూడా ఈ దశలోనే. సంగీతకారుడు జూలియన్ కోప్ 1995లో జర్మన్ రాక్‌పై ‘క్రౌట్‌రాక్‌శాంప్లర్’ రాశాడు. లెస్టర్ నగరంలో ‘ఆడియన్’ పత్రిక నడిపిన స్టీవెన్, అలన్ ఫ్రీమన్ సోదరులు 1996లో ‘ద క్రాక్ ఇన్ ద కాస్మిక్ ఎగ్’ అనే విజ్ఞాన సర్వస్వం ప్రచురించారు. వియన్నా సేకర్త హాన్స్ పొకోరా అట్టల రంగు చిత్రాలతో, అరుదుకు అంకెలు వేస్తూ ఒక పుస్తక శ్రేణి తెచ్చాడు. దాని ప్రభావంతో సంగీతం ఎలా ఉందన్న ప్రశ్న కన్నా ప్రతి ఎంత అరుదన్న ప్రశ్న ముందుకొచ్చిందని విమర్శ ఉంది.

అంతర్జాలం తరువాత

2000లో మొదలైన డిస్కాగ్స్ ఏ రికార్డు ఎక్కడ, ఏ ముద్రణగా వెలువడిందో అందరూ కలిసి నమోదు చేసే వేదికగా ఎదిగింది. 2004లో వచ్చిన ప్రోగ్ ఆర్కైవ్స్ బృందాలను దేశాలవారీగా, ఉపశాఖలవారీగా వర్గీకరించింది. సేకర్తలు తమ ప్రతులను డిజిటల్ రూపంలో పంచుకోవడంతో వినడానికి, సొంతం చేసుకోవడానికి మధ్య ఉన్న ముడి విడిపోయింది. సంగీతం ఉచితంగా దొరికినా అసలు ప్రతుల ధరలు తగ్గలేదు. ఎక్కువమంది విన్న కొద్దీ కొనాలనుకునేవారు పెరిగారు.

ఐరోపా వెలుపల

2000ల తరువాత అన్వేషణ ఆసియా, లాటిన్ అమెరికా, ఆఫ్రికాల వైపు విస్తరించింది. ఇండోనేసియాలో తొలి అధ్యక్షుడు సుకర్ణో కుమారుడు గురూ సుకర్ణోపుత్ర, జిప్సీ బృందం కలిసి బాలి ద్వీపపు గమెలాన్ వాద్యాలను రాక్‌తో మేళవించి చేసిన ‘గురూ జిప్సీ’ 1977లో క్యాసెట్టుగా వెలువడింది. అక్కడి 1970ల రాక్‌ను అమెరికన్ లేబుల్ నౌ-అగైన్ 2011లో ఒక సంకలనంగా తెచ్చింది. అదే సంవత్సరం ఆ లేబులే బొంబాయి బృందం అటామిక్ ఫారెస్ట్ సంగీతాన్ని తిరిగి విడుదల చేసింది. సినీ సంగీతం మార్కెట్‌ను ఏలిన భారతదేశంలో ఇలాంటి రాక్ ఎల్పీలు కొద్ది. సిమ్లా సిగరెట్ల ప్రచార పోటీ నుంచి 1970, 1971లలో వెలువడిన ‘సిమ్లా బీట్’ సంకలనాలను కూడా సేకర్తలు వెతుకుతారు. అయితే వాటిలోని సంగీతం ప్రోగ్రెసివ్ కన్నా గరాజ్ రాక్‌కు దగ్గర.

విమర్శలు

‘కనుగొన్నాం’ అనే మాటపైనే ప్రధాన అభ్యంతరం. 1975లో ‘2023’ అనే ఆల్బం చేసిన బరిష్ మాంచో టర్కీలో ఇంటింటా తెలిసిన గాయకుడు, టెలివిజన్ వ్యాఖ్యాత. 1973 సైనిక కుట్ర తరువాత దేశం విడిచిన చిలీ బృందం లోస్ హైవాస్ తమ దేశపు కవి పాబ్లో నెరూడా కవితకు సంగీతం కూర్చి 1981లో చేసిన ‘ఆల్తురాస్ దె మాచు పిచు’ లాటిన్ అమెరికాలో ప్రసిద్ధం. ఇవి లండన్, టోక్యో సేకర్తలకు మాత్రమే కొత్తవి. రెండో అభ్యంతరం డబ్బు గురించి. పాత ప్రతి వేల డాలర్లకు చేతులు మారినా సంగీతకారుడికి అందులో వాటా ఉండదు. అనుమతితో జరిగే పునర్విడుదలలోనే అతడికి రాయల్టీ దక్కే వీలుంది. అందుకే ఇటీవలి లేబుళ్లు హక్కుదారులను వెతకడాన్ని తమ పనిలో ముఖ్య భాగంగా చెప్పుకుంటున్నాయి. బ్రిటిష్ లేబుల్ ఫైండర్స్ కీపర్స్ 2019లో నర్స్ విత్ వూండ్ జాబితా ఆధారంగా సంకలనాలు మొదలుపెట్టి, తొలి భాగాన్ని ఫ్రాన్స్ బృందాలకు కేటాయించింది.