గోదావరి గ్యాసు – పొద్దుగూకిన తర్వాతి కరెంటు



ఇంటి కప్పుల మీద సోలారు పలకలు చూసి మన మనుమలు "తాతయ్యా, ఇక గ్యాసు కరెంటు ఎందుకు?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే గోదావరి జిల్లాల చరిత్ర కొంత తిరగేయాలి.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాసు పడ్డాక, 1990ల మొదట్లో నిడదవోలు దగ్గర విజ్జేశ్వరం కేంద్రం వెలిసింది. కరెంటు వాడుకునే పరిశ్రమలే అందులో వాటాదార్లు కావడం ఒక విశేషం. తర్వాత జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి వచ్చాయి. గ్యాసు ఇచ్చిన కోనసీమ మాత్రం మూల్యం చెల్లించింది. 1995 జనవరి 8న అంటుకున్న పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. కరెంటు లెక్కలు వేసేవారు ఈ ఖాతా కూడా చూడాలని నా మనవి.

ఇక అసలు సంగతి. సాయంత్రం సోలారు కరెంటు ఆగిపోయే వేళకే ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. గాలిమరలు మన మాట వినవు. చల్లారిన బొగ్గు బాయిలరు వేడెక్కడానికి గంటలు పడుతుంది. గ్యాసు టర్బైను నిమిషాల్లో అందుకుంటుంది (ఆవిరి టర్బైను కూడా జతగా ఉంటే మరికొంత సేపు). వేసవి రాత్రి గంటసేపు కరెంటు పోతే మన వయసువారి అవస్థ వేరే చెప్పాలా?

అయితే టర్బైను ఉంటే చాలదు, గ్యాసూ ఉండాలి కదా! 2009 ఏప్రిల్‌లో కె.జి. డి-6 గ్యాసు మొదలైనప్పుడు ఆశలు ఆకాశాన్నంటాయి. సామర్లకోటలో 2400 మెగావాట్ల కేంద్రం తలపెట్టారు. తీరా ఉత్పత్తి పడిపోయి, 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు ఆగిపోయింది. సామర్లకోట యంత్రాల్లో కొన్ని బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలిపోయాయి! 2020 డిసెంబరు నుంచి సముద్రంలోని కొత్త బావుల గ్యాసు వస్తున్నా, ధర అప్పటిది కాదు.

2024 వేసవిలో కేంద్ర ప్రభుత్వం మే 1 నుంచి జూన్ 30 వరకు గ్యాసు కేంద్రాలను నడపాలని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి దేశంలో ఆ సామర్థ్యం సుమారు 25,000 మెగావాట్లు. అందులో చాలా భాగం గ్యాసు లేక ఖాళీగా ఉన్నదే.

ఖాళీగా ఉన్న కేంద్రానికి స్థిర చార్జీలు దండగ అని కొందరంటారు. ఫైరింజను రోజూ మంటలు ఆర్పదు, అయినా డ్రైవరుకు నెల జీతం ఇస్తాం. కాకపోతే ఎన్ని ఇంజన్లు కావాలన్నది లెక్క తేలాలి. శ్రీశైలం ఎడమగట్టున, నాగార్జునసాగర్‌లో నీటిని వెనక్కి తోడి మళ్లీ కరెంటు తీసే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పగటి సోలారుతో వాటిని నడిపితే ఆ మేరకు గ్యాసు అవసరం తగ్గుతుంది. ఎడతెగని ముసురు రోజులకు మాత్రం గ్యాసు కేంద్రాలను కొన్నయినా ఉంచుకోక తప్పదు.