గేర్‌బాక్సులో తిమింగలం

పోయిన శనివారం మా పాత సెడాన్‌కి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ నేనే మార్చాను. షాపువాళ్ళు చెప్పిన రేటు విని కాదు, వాళ్ళు చెప్పిన ఇంకో మాట విని: "లక్షా పదివేల మైళ్ళు తిరిగింది కదా, ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోయినా పోవచ్చు." మార్చకపోతేనో? దానికి జవాబు లేదు. ఆ బండి మీదే రోజూ ఆఫీసుకి నలభై మైళ్ళు వెళ్తాను. రెండు రాత్రులు చదివాను. చదువుతుంటే గేర్‌బాక్స్ కథ కాస్తా సముద్రంలోకి వెళ్ళిపోయింది.

క్లచ్ పెడల్ లేని కారుని పెద్ద ఎత్తున అమ్మింది జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రమాటిక్ అని పెట్టారు. యుద్ధంలో అదే యూనిట్ అమెరికా తేలికపాటి ట్యాంకుల్లోకీ ఎక్కింది. మన ఎడమకాలు చేసే పనంతా ఇందులో నూనె చేయాలి: శక్తిని అందించాలి, వాల్వుల్ని కదపాలి, వేడిని లాగాలి. అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. క్లచ్ పలకలు ముందు కాస్త జారాలి, ఆ వెంటనే గట్టిగా పట్టుకోవాలి. జారడమే ఎక్కువైతే పలకలు కాలిపోతాయి, పట్టడమే ఎక్కువైతే బండి ఎగిరెగిరి పడుతుంది.

మా తాతయ్య బండి ఇరుసుకి ఆముదంలో మసి కలిపి కందెన పూసేవాడు. ఇరుసుకి జారుడొక్కటే చాలు. ఇక్కడ జారుడూ పట్టూ రెండూ ఒకే నూనెలో కావాలి. 1949లో జనరల్ మోటార్స్ టైప్ ఏ అని ఈ నూనెకి ఒక ప్రమాణం పెట్టింది. ఆ తరం నూనెల్లో ఈ గుణం తెచ్చింది స్పెర్మ్ తిమింగలం నూనె! మామూలు కొవ్వులా కాక అది రసాయనికంగా ద్రవరూపంలో ఉన్న మైనం. వేడికి తట్టుకుంటుంది, లోహానికి అంటుకుని ఉంటుంది.

కిరోసిన్ వచ్చి తిమింగలాలని కాపాడిందని నేనూ నమ్మేవాణ్ణి. దీపాల వరకూ నిజమే. కానీ 1960లలో ఏడాదికి ఇరవై వేలకు పైగా స్పెర్మ్ తిమింగలాలని చంపారు. దీపాల కాలంలో కూడా అంత వేట లేదు.

1970లో అమెరికా దాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చి, ఆ నూనె దిగుమతి ఆపేసింది. రసాయనవేత్తలు ఉరుకులు పరుగుల మీద ప్రత్యామ్నాయాలు వెతికారు. ఎడారి మొక్క జొజోబా గింజల నూనె కూడా దాదాపు అలాంటి మైనమే అని దాని మీద పడ్డారు, చివరికి కృత్రిమ రసాయనాలే నిలిచాయి. కొత్తగా వచ్చిన డెక్స్‌రాన్ 2 తొలిరకం కూలర్ల అతుకుల్ని తినేయడంతో మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది.

ఇక నా శనివారం. ఇంజిన్ కాస్త వేడి చేసి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, బోల్టు విప్పాను. విప్పేముందు అది ఇంజిన్ ఆయిల్ బోల్టు కాదని మూడుసార్లు చూసుకున్నాను (ఈ పొరపాటు చేసినవాళ్ళు చాలామంది). డికాషన్ రంగులో మూడున్నర క్వార్టులు కారింది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, అది ఇలా రాదు. కొలిచి అంతే కొత్తది పోశాను, ఎర్రగా రోజా షర్బత్తులా ఉంది. రెండు వారాల తర్వాత మళ్ళీ ఇదే చేయాలి.

నా పక్కన టార్చి పట్టుకున్న మా ఏడేళ్ళవాడు పాత నూనె డబ్బాలోకి తొంగిచూసి, "ఇందులో తిమింగలం ఉందా నాన్నా?" అన్నాడు. లేదన్నాను. సోమవారం ఆఫీసుకి వెళ్ళేటప్పుడు రెండో గేర్ నుంచి మూడుకి ఎప్పుడు మారిందో తెలియలేదు.